బాక్సు విప్పేదాకా

మా పెద్దన్నయ్య పోయి మొన్న సంక్రాంతికి రెండేళ్ళు నిండాయి. బెజవాడలో ఒక ఇనప ఫౌండ్రీలో 1959లో పదిహేడేళ్ళ కుర్ర హెల్పరుగా చేరి, 2000లో మేస్త్రీగా బయటికి వచ్చాడు. నేను ఆయనకన్నా ఆరేళ్ళు చిన్న. అదే ఫౌండ్రీలో ప్యాటర్ను మేకర్ని. పోయాల్సిన వస్తువుకు టేకు కర్రతో ముందు నమూనా చెక్కేది నేను. ఆ నమూనాను మట్టిలో పెట్టి, అచ్చు తీసి, అందులో కరిగిన బీడు పోసేది అన్నయ్య. పోత ఇనుమును మేము బీడు అనే అంటాం. రైసుమిల్లు పుల్లీలు, చెరకు గానుగ రోలర్లు, పంపుసెట్టు కేసింగులు, లారీ బ్రేకు డ్రమ్ములు, మ్యాన్‌హోలు మూతలు. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఆ రోజుల్లో నీళ్ళు తోడిన, వడ్లు ఆడించిన ఇనుములో కొంత అన్నయ్య చేతుల మీదుగానే వెళ్ళింది.

పన్నెండో రోజున వచ్చినవాళ్ళంతా "చాలా మంచి మనిషండీ" అన్నారు. నిజమే. అయితే అది ఎవరు పోయినా అనే మాట. హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేసే మనవడొకడు నన్ను పక్కకు పిలిచి, "చిన్న తాతయ్యా, పెద్ద తాతయ్య అసలు రోజంతా ఏం పని చేసేవారు?" అని అడిగాడు. అప్పుడు గొంతు పెగల్లేదు. వాడికీ, వాడి ఈడు పిల్లలకీ ఇప్పుడు చెబుతున్నాను.

1. మట్టి సంగతి చేతికి తెలియాలి

కొత్తగా చేరిన కుర్రాణ్ణి అన్నయ్య రెండు నెలలపాటు మట్టి తప్ప ఇంకేదీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. అచ్చు మట్టి అంటే ఇసుక, బెంటొనైటు బంకమట్టి, బొగ్గుపొడి, నీళ్ళు. నీళ్ళు నూటికి నాలుగైదు పాళ్ళు, అంతే. తక్కువైతే అచ్చు అంచులు రాలతాయి. ఎక్కువైతే వేడి బీడు తగలగానే ఆవిరి పుట్టి, పోత లోపల బుడగలు మిగిలిపోతాయి. తడి కొలిచే మీటరు మా దగ్గర లేదు. గుప్పెడు మట్టి తీసి పిడికిలి బిగించాలి. తెరిచి చూస్తే వేళ్ళ గుర్తులు పడి ఉండాలి, చేతికి మాత్రం అంటకూడదు. రెండు చేతులా పట్టి విరిస్తే బిస్కెట్టులా అంచు నిలబడి విరగాలి. వానాకాలం మట్టి వేరు, రోహిణీ కార్తెలో మట్టి వేరు. పొద్దున కలిపింది మధ్యాహ్నానికి మారిపోతుంది. అందుకే రోజుకు పదిసార్లు పట్టి చూసేవాడు. నలభై ఏళ్ళ సర్వీసు తర్వాత కూడా "నాకు తెలుసులే" అని ఒక్కసారీ వదిలెయ్యలేదు.

మా అక్కకు సంబంధాలు చూసేటప్పుడు ఆయన వయసు ఇరవై రెండు. నాన్న లేడు కాబట్టి మాట ఇవ్వాల్సింది ఆయనే. అబ్బాయి ఇంటికి వెళ్ళేముందు అబ్బాయి పనిచేసే చోటికి చెప్పకుండా వెళ్ళి, ఓ మూల గంటసేపు నిలబడి వచ్చేవాడు. ఐదెకరాల మాగాణి ఉన్న సంబంధం ఒకటి అమ్మకు బాగా నచ్చింది. అన్నయ్య ఆ అబ్బాయి పనిచేసే మిల్లుకు వెళ్ళి వచ్చి వద్దన్నాడు. బస్తాలు మోసి అలిసి పడుకున్న ముసలాయన్ని ఆ అబ్బాయి కాలితో తట్టి లేపడం చూశాడు. "మన పిల్లను ఎలా లేపుతాడో మనకొద్దమ్మా" అన్నాడు. అమ్మ మళ్ళీ ఆ ఊసు ఎత్తలేదు.

2. ఎండిందనుకోవడం వేరు, ఎండటం వేరు

వారానికి రెండు రోజులు పోత. ఆ రోజు తెల్లవారుజామునే కుపోలా కొలిమి అడుగున కట్టెలతో కోకు రాజేసేవాళ్ళు. ఆ కోకు ఝరియా వైపు నుంచి రైల్లో వచ్చేది. సింగరేణి మనకు దగ్గరే అయినా ఆ బొగ్గు కోకుకు పనికిరాదు. రాజుకున్న కోకు మీద వరసలు వరసలుగా పిగ్గు, పాత స్క్రాపు, మళ్ళీ కోకు, కొంచెం సున్నపురాయి. పిల్లల పుస్తకాల్లో దుక్క ఇనుము అని ఉంటుందే, అదే మా పిగ్గు. సున్నపురాయి మలినాలను కలుపుకుని చిట్టెంగా పైకి తేలుస్తుంది. మధ్యాహ్నం బ్లోయరు వేస్తే, కాసేపటికి 1,400 డిగ్రీల దగ్గర బీడు ధార కట్టడానికి సిద్ధమవుతుంది. తూముకు పెట్టిన మట్టి బిరడాను గునపంతో పొడిచి తెరిచేది అన్నయ్య. ఆ పూట అందరూ లేడిలు, అంటే కరిగిన బీడు పట్టి మోసే పాత్ర, పట్టాల్సిందే, ప్యాటర్ను మేకరైనా సరే.

1966లో ఒక పోత రోజు. నాకు పద్దెనిమిదేళ్ళు. లేడిలుకు లోపల కొత్తగా మట్టి పూత పూశారు. దాన్ని ఎండబెట్టి, నిప్పు మీద బాగా కాల్చి తేవడం నా పని. పైన తెల్లబడింది కదా అని తెచ్చేశాను. లోపల తడి మిగిలే ఉంది, అందులోకే బీడు పట్టాం. నీళ్ళు ఒక్కసారిగా ఆవిరైతే సుమారు 1,700 రెట్లు చోటు కావాలని తర్వాతెప్పుడో చదువుకున్నాను. ఆ రోజు నాకు తెలిసింది చప్పుడు ఒక్కటే. అన్నయ్య నన్ను భుజంతో తోసేశాడు. నా మీద పడాల్సిన బీడు ఆయన ఎడమ పాదం మీద పడింది. నలభై రోజులు మంచంలో ఉన్నాడు. అమ్మతో "నేనే చూసుకోలేదు" అని చెప్పాడు. అమ్మ 1989లో పోయేదాకా అదే నిజమనుకుంది. చెప్పుకోలేక ఇన్నేళ్ళు మోశాను కాబట్టి ఇక్కడ రాస్తున్నాను: తప్పు నాది.

ఆ పుండు అంత కాలం పట్టడానికి ఇంకో కారణం ఉంది. అప్పట్లో కాలిన చోట సిరా పోసేవాళ్ళు. అన్నయ్య పాదానికీ పోశారు. కాలిన చోటును పారే చల్లటి నీళ్ళ కింద ఇరవై నిమిషాలు ఉంచాలి. తర్వాత శుభ్రమైన గుడ్డ కప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. సిరా, వెన్న, టూత్‌పేస్టు, ఐసుగడ్డ, ఏదీ వద్దు. ఇది ఫౌండ్రీవాళ్ళకే కాదు, దీపావళి చేసుకునే ప్రతి ఇంటికీ చెబుతున్నాను.

డెబ్బైల్లో టెరిలిన్ చొక్కాల మోజు వచ్చింది. పోత రోజు టెరిలిన్ వేసుకొచ్చిన కుర్రాణ్ణి అన్నయ్య గేటు దగ్గరే ఆపి, తన పాత నూలు చొక్కా ఇచ్చి తొడుక్కోమనేవాడు. నూలు గుడ్డ మీద రవ్వ పడితే గుడ్డకు చిల్లు పడుతుంది. టెరిలిన్ కరిగి చర్మానికి అతుక్కుపోతుంది. ప్యాంటు కాలును బూటు లోపలికి దోపనిచ్చేవాడు కాదు, పైనుంచి వదలమనేవాడు. లోపలికి దోపితే జారిన బీడు బూటులోకే పోతుంది.

3. గాలికి దారి వదలాలి

అచ్చు తయారయ్యాక సన్నటి ఇనప సూదితో దాని నిండా చిల్లులు పొడవాలి. వెంట్లు అంటాం. బీడు పోయగానే ఆ చిల్లుల్లోంచి గ్యాసు బయటికి తన్నుకొచ్చి నీలం మంటలతో మండుతుంది. కొత్తవాళ్ళు భయపడతారు. ఆ మంటలు కనబడితే అన్నయ్య ముఖం తేటపడేది. మంట రాకపోతేనే ఆయనకు దిగులు.

అన్నయ్య పోలికలు చెప్పే మనిషి కాదు. ఈ పోలిక నాది. కృష్ణలంకలో రెండు గదుల పెంకుటింట్లో ఉండేవాళ్ళం. ప్రతి నెలా జీతం రోజు రాత్రి అన్నయ్య జీతం కవరు తెచ్చి చాప మీద అమ్మ ముందు పెట్టి, అందరినీ కూర్చోబెట్టేవాడు. ఎవరికేం కావాలో, ఎవరికి ఎవరి మీద కోపముందో ఆ రాత్రి చెప్పెయ్యాలి. ఒకసారి మా తమ్ముడు, పాలిటెక్నిక్ చదువుతున్న రోజుల్లో, "నువ్వేం నాన్నవి కాదు నా మీద పెత్తనం చెయ్యడానికి" అని అరిచాడు. నేను కొట్టబోయాను. అన్నయ్య నా చెయ్యి పట్టుకుని ఆపి, "కాదురా. ఫీజు మాత్రం రేపు కట్టేస్తాను, రసీదు తెచ్చుకో" అన్నాడు. తమ్ముడు ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున్నే లేచి అన్నయ్య సైకిలు తుడిచి పెట్టాడు. ఆ అలవాటు పెళ్ళయ్యేదాకా మానలేదు.

4. అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు

ఇది నా పని సంగతి. బీడు చల్లారితే కుంచించుకుపోతుంది, అడుగుకు అంగుళంలో ఎనిమిదో వంతు. కాబట్టి నమూనాను ఆ మేరకు పెద్దగా చెక్కాలి. అందుకోసం ప్యాటర్ను మేకర్లకు ప్రత్యేకమైన స్కేలు ఉంటుంది, దాని మీద అడుగే మామూలు అడుగుకన్నా ఆ కాస్తా పొడుగు. ఒకసారి తొందరలో మామూలు స్కేలుతో కొలిచి పుల్లీ నమూనా చెక్కాను. పోసిన ఎనిమిదీ కొలత తగ్గి, పగలగొట్టి మళ్ళీ కొలిమిలో వేయాల్సి వచ్చింది. ఓనరుగారు నాలుగు రోజుల జీతం కోశారు. అన్నయ్య పక్కనే ఉండి నోరు విప్పలేదు. ఇంటికి వచ్చేటప్పుడు అడిగాను. "లేడిలు రోజున నీకు తెలియదు. స్కేలు సంగతి నీకు తెలుసు" అన్నాడు.

జీతాన్ని కూడా అన్నయ్య కుదింపు స్కేలుతోనే కొలిచేవాడు. నూటయాభై వస్తే నూటముప్పై వచ్చినట్టే ఇంట్లో లెక్క. ఆ ఇరవై ఎక్కడ దాచేవాడో వదినకు తప్ప తెలియదు.

5. దివిసీమ

1977 నవంబరు 19, శనివారం. మా సొంత ఊరు దివిసీమలో. 1958లో నాన్న పోయాక అమ్మ మా ఐదుగుర్నీ వెంటబెట్టుకుని మేనమామ నీడకు బెజవాడ వచ్చేసింది గానీ, పిన్నీ బాబాయీ అక్కడే ఉండిపోయారు. ఉప్పెన వచ్చిందన్న కబురు మాకు వెంటనే సరిగ్గా చేరలేదు. చేరిన పూటే అన్నయ్య ఇంకో ముగ్గురు మౌల్డర్లను తీసుకుని, ఫౌండ్రీ పారలు, తాళ్ళు, మరమరాల బస్తా వేసుకుని లారీ ఎక్కాడు. చల్లపల్లి దాటాక చెట్లు పడి దారి మూసుకుపోయింది. అక్కణ్ణుంచి నడక.

పదకొండు రోజులు అక్కడే ఉన్నాడు. ఏం చూశాడో ఎప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ప్రభుత్వ లెక్కల్లోనే ఆ ఉప్పెనకు పోయినవాళ్ళు పదివేలకు అటూ ఇటూ. పారలు తీసుకెళ్ళింది దారి తియ్యడానికి, వాడింది పూడ్చడానికి అని మాత్రం ఒకసారి అన్నాడు. పిన్నీ బాబాయీ దొరకలేదు. వాళ్ళ తొమ్మిదేళ్ళ కొడుకు, ఆరేళ్ళ కూతురు ఒక తాటిచెట్టు మొదట్లో చిక్కుకున్న ఇంటి కప్పు మీద బతికి ఉన్నారు. ఇద్దర్నీ వెంటబెట్టుకుని వచ్చాడు.

అప్పటికి మా ఇంట్లో అమ్మ, అన్నయ్య, వదిన, వాళ్ళ ముగ్గురు పిల్లలు, నేను, నా భార్య, మా పాప, తమ్ముడు. పదిమందిమి. ఇద్దరితో పన్నెండు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ పిల్లల్ని తెచ్చినందుకు ఊళ్ళో అందరూ అన్నయ్యను మెచ్చుకున్నారు, పన్నెండో రోజున కూడా మళ్ళీ తలుచుకున్నారు. వాళ్ళను పెంచింది వదిన. ఆ పాపకు చెంబులో నీళ్ళు చూస్తే ఏడుపు. స్నానం చేయించాలంటే తడిగుడ్డతో తుడవాల్సిందే. వదిన ఏడాదిపాటు ఆ పిల్లను తన పక్కలోనే పడుకోబెట్టుకుంది, తన కడగొట్టు పిల్లాణ్ణి అమ్మ దగ్గర వేసి. పన్నెండుమంది అన్నం వార్చి, ఆఖర్న తాను ఎంత తినేదో మేం మగవాళ్ళం ఎవరమూ చూడలేదు. ఇంటిపెద్ద అంటే ఒక్క మనిషి అని అందరూ అనుకుంటారు. మా ఇంటికి ఇద్దరు.

ఆ కుర్రాడు ఎలక్ట్రీషియనై ఆటోనగర్‌లో స్థిరపడ్డాడు. ఆ పాప టీచరైంది. 1994లో పెళ్ళిపీటల మీద కూర్చుని కన్యాదానం చేసింది అన్నయ్యా వదినే.

6. చెల్లి చదువు

మంచి మాటలే రాస్తే ఆయనకు అన్యాయం చేసినట్టే. 1968లో మా చెల్లి ఎనిమిదో తరగతి ఫస్టున పాసైంది. అదే ఏడాది తమ్ముణ్ణి పాలిటెక్నిక్‌లో చేర్చాలి. ఇద్దరికీ డబ్బు చాలదని అన్నయ్య చెల్లిని బడి మాన్పించాడు. "ఆడపిల్లకు ఇంతవరకు చాలు" అన్నాడు. జీతం రోజు చాప మీద అందరికీ మాట్లాడే హక్కుందన్నాను కదా. ఆ రాత్రి చెల్లి ఏమీ మాట్లాడలేదు, మేమూ ఎవరం ఆమె తరఫున మాట్లాడలేదు. నాకు ఇరవై ఏళ్ళు, సంపాదిస్తున్నాను. ఓవర్‌టైము చేస్తానని నేను అనవచ్చు. అనలేదు.

2011లో చెల్లి మనవరాలి బారసాలకు అందరం కలిశాం. భోజనాలయ్యాక అన్నయ్య ఉన్నట్టుండి చెల్లి ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, పిల్లలంతా వింటూ ఉండగా, "అమ్మడూ, నీ చదువు ఆపింది నేను. అవసరమని ఆపలేదు. నువ్వు అడగవని ఆపాను" అన్నాడు. చెల్లి "అవునన్నయ్యా" అంది. అంతే. ఫరవాలేదని అనలేదు. అనకపోవడమే సబబు. ఆయన కూడా ఆ మాట కోసం చూడలేదు, లేచి చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడు.

ఆయన పోయాక పనిముట్ల పెట్టె అడుగున ప్లాస్టిక్ కవరులో చుట్టి చెల్లి టీసీ దొరికింది. 1968 నాటిది, ఏ బడిలోనూ ఇవ్వని టీసీ. చెల్లికి ఇచ్చాను.

7. బాక్సు విప్పేదాకా ఏమీ తెలియదు

పోత పోశాక అచ్చు బాక్సును చల్లారేదాకా ముట్టుకోకూడదు. చిన్న వస్తువైతే కొన్ని గంటలు. పెద్ద ఫ్లైవీలైతే రెండు రాత్రులు ఉంచేవాడు. తొందరపడి విప్పితే పైభాగం త్వరగా, లోపల నిదానంగా చల్లారి, లాగులాటలో ఆకులు చిట్లుతాయి. అంచులు గట్టిపడి లేతు మీద టూలు ఆడదు. లోపల ఎలా వచ్చిందో విప్పేదాకా మేస్త్రీకీ తెలియదు. ఆర్డరిచ్చినవాళ్ళు గేటు దగ్గర లారీ పెట్టుకుని అరుస్తున్నా, అన్నయ్య బాక్సు మీద చెయ్యి వేసి చూసి "రేపు" అనేవాడు.

మా తమ్ముడి కొడుకు ఇంజనీరింగు మధ్యలో వదిలేసి రెండేళ్ళు ఇంట్లో పడుకున్నాడు. మేమందరం తలా ఒక మాట అన్నాం. అన్నయ్య వాణ్ణి ఏమీ అడగలేదు. సాయంత్రంపూట తోడు రమ్మని కృష్ణ కరకట్ట మీదికి నడకకు తీసుకెళ్ళేవాడు, అదీ మాటల్లేని నడక. వాడు ఇప్పుడు సొంతంగా మోటారు వైండింగు షాపు నడుపుతున్నాడు.

8. చేసిన పనికి కాగితం ఉండాలి

ఈ ఒక్క విషయంలో అన్నయ్యను చూసి నేర్చుకోకండి, ఆయనకు జరిగినదాన్ని చూసి నేర్చుకోండి. గ్రాట్యుటీ చట్టం 1972లో వచ్చింది. నెల జీతాన్ని 26తో భాగించి, 15తో గుణించి, దాన్ని సర్వీసు ఏళ్ళతో గుణిస్తే వచ్చేది గ్రాట్యుటీ. అన్నయ్య రిటైరైనప్పుడు జీతం 4,200. నలభై ఒక్క ఏళ్ళకు 99,346 రూపాయలు రావాలి. రిజిస్టర్లో ఆయన పేరు ఎక్కింది చేరిన తొమ్మిదేళ్ళకు. అంతకు ముందంతా చేతికిచ్చిన కూలీ, కాగితం లేదు. ముప్ఫై రెండేళ్ళకే లెక్కకట్టి 77,538 ఇచ్చారు. పదిహేడేళ్ళ వయసు నుంచి ఇరవై ఆరు దాకా ఆయన మోసిన లేడిళ్ళకు సాక్ష్యం నేనొక్కణ్ణే. సాక్ష్యం చెబుతానన్నాను. "వద్దులేరా, ఆ గేటు ముందు నిలబడి అడగలేను" అన్నాడు. అది పౌరుషమని అప్పుడు అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే తప్పనిపిస్తోంది. ఆ ఇరవై ఒక్క వేల ఎనిమిదివందల ఎనిమిది రూపాయలు వదిన కష్టం కూడా.

పింఛను 1995 పథకం కింద నెలకు కొన్ని వందలు. 2014 సెప్టెంబరు నుంచి కనీసం వెయ్యి అన్నారు కాబట్టి వెయ్యి అయింది. పనిలో చేరిన మొదటి నెల నుంచే హాజరు, జీతం స్లిప్పు, పీఎఫ్ నంబరు అడిగి తీసుకోండి. నామినీ పేరు సరిగ్గా ఉందో లేదో భార్య చేత చదివించండి.

9. కనబడని దుమ్ము

దీన్ని చివరికి పెట్టాను గానీ, వీటన్నిటిలో పెద్దది ఇదే.

పోత చల్లారాక అచ్చు పగలగొట్టి మట్టి రాలుస్తాం. తర్వాత పోతకు అంటుకున్న ఇసుకను గీకి, గ్రైండింగు చేస్తాం. నిప్పు తగిలి పొడిబారిన ఆ ఇసుకలోంచి దుమ్ము లేస్తుంది. కంటికి కనబడే దుమ్ము ముక్కులోనో గొంతులోనో ఆగి కఫంతో బయటికి పోతుంది. కంటికి కనబడనంత సన్నటి ఇసుక పొడి తిన్నగా ఊపిరితిత్తుల అడుక్కి చేరి అక్కడే ఉండిపోతుంది. అది చేరిన చోట ఊపిరితిత్తి గట్టిపడుతుంది. సిలికోసిస్ అంటారు. ఆ పొడిని బయటికి తీసే మందు లేదు. పని మానేసినా జబ్బు ముదురుతూనే ఉండవచ్చు.

అన్నయ్యకు 1996 నుంచి దగ్గు. ఒక ఆసుపత్రిలో టీబీ అన్నారు. కళ్ళెలో క్రిములు కనబడకపోయినా రెండుసార్లు టీబీ మందుల కోర్సు వాడించారు. నోరు చేదెక్కి, ఒళ్ళు తగ్గి, దగ్గు మాత్రం అలాగే ఉంది. ఏడేళ్ళ తర్వాత, 2003లో, ఒక పెద్ద వయసు డాక్టరుగారు ఎక్స్‌రే దీపానికి పెట్టి చూసి, "మీరు ఏం పని చేసేవారు?" అని అడిగారు. ఏడేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయన. సిలికోసిస్ ఉన్నవాళ్ళకు టీబీ కూడా త్వరగా పట్టుకుంటుంది, కాబట్టి రెంటికీ పరీక్ష చేయించాల్సిందే. అయినా ఆ ఒక్క ప్రశ్న ముందే పడి ఉంటే, అన్నయ్య తన చివరి నాలుగేళ్ళ సర్వీసు ఆ దుమ్ములో నిలబడి చేసేవాడు కాదు.

మా ఫౌండ్రీలో పోత రోజు తలా ఒక బెల్లంముక్క ఇచ్చేవాళ్ళు, దుమ్మును కడిగేస్తుందని. అందరం నమ్మాం. బెల్లం గొంతుకు హాయినిస్తుంది, కడుపులోకి పోతుంది. ఊపిరితిత్తిలోకి పోయే దారే వేరు. ముఖానికి తువ్వాలు కట్టుకునేవాళ్ళం. ఆ సన్నటి పొడికి తువ్వాలు అడ్డే కాదు. కావాల్సింది ఆ పొడిని ఆపే సరైన మాస్కు, దుమ్మును లాగేసే ఫ్యాన్లు, పొడి మట్టిని ఊడ్చకుండా తడిపి తియ్యడం. ఇంటికి వచ్చాక వదిన ఆయన చొక్కా వాకిట్లో దులిపి ఉతికేది. ఆ దులిపినప్పుడు ఆమె పీల్చిందీ అదే.

అన్నయ్య రోజుల్లో అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలోని మూడో షెడ్యూల్లో సిలికోసిస్ పేరు ఉండేది. అంటే దాన్ని గుర్తించిన డాక్టరు, ఫ్యాక్టరీ యాజమాన్యం ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టర్లకు తెలియజేయాల్సి ఉండేది. పని వల్ల వచ్చిన జబ్బు కాబట్టి పరిహారం అడిగే హక్కు ఉంది. ఇదంతా మాకు తెలిసేసరికి అన్నయ్య పని మానేసి చాలా ఏళ్ళయింది. చివరి రెండేళ్ళు ఆక్సిజన్ యంత్రం పక్కన పెట్టుకునే పడుకున్నాడు. నలభై కిలోల లేడిలు ఎత్తిన చెయ్యి, కాఫీ గ్లాసు పైకెత్తడానికి మధ్యలో ఆగి ఊపిరి తీసుకునేది. ఒక రాత్రి నేను తోడు పడుకున్నాను. "ఎక్కువ మాట్లాడించకురా, గాలి చాలడం లేదు" అని, కాసేపాగి, "గ్రైండింగు దగ్గర చేసే కుర్రాళ్ళకు చెప్పు" అన్నాడు.

చెబుతున్నాను. ఫౌండ్రీలో గానీ, రాతి క్రషర్లలో గానీ, పలకల గనుల్లో గానీ, గ్రానైటు కోతలో గానీ మీ ఇంట్లో ఎవరైనా పనిచేస్తుంటే, ఏడాదికోసారి ఛాతీ ఎక్స్‌రే తీయించండి. డాక్టరు అడగకపోయినా ఏం పని చేస్తారో ముందే చెప్పండి.

10. పెట్టె

అన్నయ్య పోయిన ఎనిమిది నెలలకు, 2024 సెప్టెంబరు 1న, బుడమేరు పొంగి సింగ్‌నగర్‌లోకి వచ్చింది. మా ఇప్పటి ఇల్లు అక్కడే. ఇంట్లోంచి నీళ్ళు పూర్తిగా పోయేసరికి వారం దాటింది. పెళ్ళి ఫొటోలు, రిటైర్మెంటు రోజున దండ వేసి తీసిన ఫొటో, వదిన పట్టుచీరలు, అన్నీ బురదలో కలిసిపోయాయి. ఆ టీచరమ్మ, ఉప్పెన పిల్ల, మోకాటి లోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి వదినను తన ఇంటికి తీసుకెళ్ళింది.

పనిముట్ల పెట్టె మంచం కింద దొరికింది. అచ్చు నునుపు చేసే తాపీలు రెండు, మూలల్లోంచి మట్టి తీసే లిఫ్టరు, చిన్న గరిటె, వెంటు సూదులు, అంచులు తడిపే జనపనార కుంచె, ఒక స్పిరిటు లెవలు. తుప్పు పట్టాయి. మూడు రోజులు కూర్చుని కిరసనాయిలుతో రుద్ది, గరుకు కాగితం పట్టి, నూనె రాశాను. లెవలు గాజు ఒక్కటి పగిలింది. పెద్ద తాపీ పిడి మీద ఆయన బొటనవేలు ఆనిన చోట కర్ర అరిగి పల్లమైంది. నా వేలు అందులో సరిపోదు, నాది సన్నం.

ఇంట్లో పిల్లలెవరూ ఆ పనిలో లేరు. అద్దాల బీరువాలో పెట్టడానికి వాటిని ఎవరికీ ఇవ్వను. ఐటీఐలో ఫౌండ్రీ పని నేర్చుకుంటున్న పిల్లలు గానీ, ఏ ఫౌండ్రీలోనో కొత్తగా చేరి మట్టి దగ్గర ఉన్న కుర్రాళ్ళు గానీ ఎవరైనా ఉంటే వచ్చి తీసుకెళ్ళండి. వచ్చేటప్పుడు మంచి మాస్కు ఒకటి కొనుక్కుని రండి. ప్యాటర్ను పని నాకు వచ్చినంతా చెబుతాను.